గట్టు ఎత్తు

మ్యూజియం టికెట్ల దగ్గర లైను చూడగానే అత్తగారి మొహం విప్పారింది. వీధి దాకా సాగిన లైను చూసి సంతోషపడే మనిషి అక్కడ ఆవిడొక్కతే అయ్యుంటుంది. ఎందుకు పడదూ? చక్రాల కుర్చీలో కోడలుందిగా! "కుర్చీతో వచ్చినవాళ్లని, వాళ్ల వెంట ఉన్నవాళ్లని పక్క గుమ్మంలోంచి పంపించేస్తారటే," అని కూతుర్ని మోచేత్తో పొడిచి, కోడలి భుజం తట్టింది. "నీ పుణ్యమా అని నాకు కాళ్లనొప్పి తప్పింది తల్లీ."

ఆ పుణ్యం సంపాదించుకోడానికి ఆమె చేసిందల్లా ఒక వానరోజు స్కూటర్ మీద వెనక కూర్చోవడం. నడిపింది భర్త. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆమె కూడా ఎత్తదు.

లోపలికి వెళ్లీ వెళ్లగానే అత్తగారి సంచి ఆమె ఒళ్లో పడింది. దాని మీద ఆడపడుచు హ్యాండ్‌బ్యాగు, ఆ పైన నీళ్ల సీసా, గొడుగు. "నీకేం బరువు వదినా, మోసేది కుర్చీయేగా," అంది ఆడపడుచు, ముద్దుగానే. ఆ సంచులే లేకపోతే ఆమె తన చక్రాలు తనే తిప్పుకోగలదు.

నిజానికి ఈ మ్యూజియంకి వెళ్దామన్నది ఆమే. ఎవరో కళాకారిణి ఇక్కడ ఒక గది నిండా వంటిల్లు కట్టి పెట్టిందని పేపర్లో చదివింది. జనం ఎగబడి చూసేంత ఏముంటుందబ్బా వంటింట్లో, చూడాలి అనుకుంది. మిగతావి చూసినా మానినా ఒకటే, ఆ ఒక్క గదీ చూస్తే చాలు. "వంటిల్లు చూడ్డానికి ఇంత దూరం ఎందుకు, ఇంట్లో ఉందిగా!" అని నవ్విన భర్త, సెలవురోజు ఇంకేం తోచక అందర్నీ బయల్దేరదీశాడు.

గోడల మీద బొమ్మలన్నీ నిలబడేవాళ్ల కళ్ల ఎత్తుకి సరిగ్గా తగిలించి ఉన్నాయి. కింద నుంచి చూస్తే అద్దాల మీద దీపాలు మెరవడమే కనిపిస్తుంది. "కాస్త వెనక్కి తిప్పండి," అని ఆమె అనేలోపే కుర్చీ ముందుకి వెళ్లిపోయేది. భర్త తనకి నచ్చినచోట ఆపుతాడు, విసుగేసినచోట తోస్తాడు. ఫోన్ వస్తే ఆమెని ఖాళీ గోడ ముందు వదిలేసి, బ్రేకు వేసి వెళ్తాడు. అలా వెళ్లి వచ్చిన మనిషిని ఒకావిడ ఆపి మరీ మెచ్చుకుంది. "ఎంత ఓపికండీ మీకు! ఈ రోజుల్లో పెళ్లాన్ని ఇలా చూసుకునే మగవాళ్లు ఎక్కడున్నారు?" అతను తల వంచుకుని చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి కంఠతా వచ్చు.

ఆ ఓపికమంతుడి ఇంట్లో వంటగట్టు ఆమె చంకల దాకా వస్తుంది. పొయ్యి మీద గిన్నెలో ఏముందో కనపడదు. ఉడికిందో మాడిందో చప్పుడు విని, వాసన పట్టి తెలుసుకోవాలి. దించినప్పుడల్లా వేడి అంచు తగిలి ముంజేతుల నిండా మచ్చలే. గట్టు కొట్టించి కిందకి కట్టిద్దామని ఆరేళ్లుగా అడుగుతూనే ఉంది. "మరి మేం నిలబడి వండుకోవద్దటే?" అంటుంది అత్తగారు. "నీ ఒక్కదాని కోసం ఇల్లంతా తవ్వుకుంటామా?" అంటాడు భర్త. పోనీ ఈ ఆరేళ్లలో ఆ గట్టు దగ్గర నిలబడి వండినవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే, మంచినీళ్లకి వచ్చి వెళ్లినవాళ్లే!

వంటింటి గది రానే వచ్చింది. గుమ్మంలో జానెడు ఎత్తు మెట్టు. అక్కడ కాపలా ఉన్న అమ్మాయి ఆమె తల మీదుగా భర్తని అడిగింది. "ఆవిడ కూడా వస్తారాండీ? కుర్చీ ఎక్కడానికి వాలుగా వేసే పలక ఉంది, కింద నుంచి తెప్పిస్తాను. కొంచెం సేపు ఆగాలి."

ఆమె నోరు తెరిచేలోపే, "అబ్బే, మీకెందుకమ్మా శ్రమ!" అనేశాడు భర్త. బ్రేకు వేసి, ఆమె వైపు వంగాడు. "నేను చూసొచ్చి చెప్తాగా."

ముగ్గురూ లోపలికి వెళ్లిపోయారు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఒక్క గది అడిగింది, ఒకే ఒక్క గది. సంచుల మీద చేతులు పెట్టుకుని, లోపల నుంచి వినిపించే "అబ్బా"లూ "అయ్యో"లూ వింటూ కూర్చుంది.

భర్త ఉత్సాహం పట్టలేక దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏం చేసిందనుకున్నావ్! గట్టు ఛాతీ దాకా కట్టింది. నా ఛాతీ దాకా! పొయ్యి మీద గిన్నె ఉంటుంది, అందులో ఏముందో కనపడి చావదు. గరిటె తిప్పుదామంటే భుజాలు పీకేస్తున్నాయి. రెండు నిమిషాలు ఉండలేకపోయాననుకో. ఆడవాళ్ల కష్టం ఎంత బాగా చూపించిందో! నువ్వు చూసుంటే తెలిసేది."

"నాకైతే కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి," అంది అత్తగారు. నిజంగానే తుడుచుకుంటోంది.

ఆమె ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. వేళాకోళం చేస్తున్నారేమోనని వెతికింది. వేళాకోళమైనా బాగుండేది. వాళ్లకి ఇంట్లో గట్టు గుర్తుకే రాలేదు.

"ఆకలి దంచేస్తోంది, పదండి," అంది ఆడపడుచు. "వెళ్లి వదిన వంట మొదలుపెట్టి అయ్యేసరికి ఎంతసేపో!"

భర్త బ్రేకు తీసి తోశాడు. కుర్చీ కదల్లేదు. చక్రాలు రెండూ ఆమె బిగించి పట్టుకుంది. అతను చేతులు తీసేశాక, ఆమె అత్తగారి సంచి అత్తగారి చేతిలో పెట్టింది. హ్యాండ్‌బ్యాగు ఆడపడుచుకి ఇచ్చింది. సీసా, గొడుగు భర్తకి అందించింది.

"ఆ పలక తెప్పించమ్మా," అంది కాపలా అమ్మాయితో. "ఎంతసేపైనా ఆగుతాను."

"ఇప్పుడా?" భర్త గొంతు తగ్గించాడు. "మరి వంటో?"

"మీరు ముగ్గురూ వెళ్లి మొదలుపెట్టండి," అంది ఆమె. "గట్టు మీ ఎత్తుకే ఉందిగా."