కారణం రాయాల్సిన గడి

ఉదయం షాపు తలుపులు తెరవకముందే ఆ రోజు పనుల వరుస రాయడం నా బాధ్యత. గడువు దగ్గరపడ్డ పాలూ బ్రెడ్డూ ముందుకు జరపాలి. ఖాళీ అయిన అరలు నింపాలి. ధర చీటీలు మార్చడం, ఆఫర్ సరుకు గుమ్మం ఎదుట పేర్చడం ఆ తర్వాత. ఏది ఆగుతుందో ఏది ఆగదో తేల్చడంలో నాకు మంచి పేరుంది. నేను సర్దితే పాత సబ్బుకి కూడా పెళ్ళికళ వస్తుందంటుంది బిల్లింగ్ కౌంటర్ అక్క. ఇంట్లో అదే నేర్పుతో అత్తయ్యకు వేడినీళ్ళు, మామయ్యకు మాత్రలు, మా ఆయనకు అన్నం డబ్బా, అందరి బట్టలు అమరుస్తాను. అక్కడ దాన్నెవరూ నేర్పు అనుకోరు.

ఆ వారం ఒక పని రోజూ కిందికే జారింది. పసిపిల్లల సరుకుల అరలు కొత్తగా సర్దడం. చేయని పనికి ఎదురుగా కారణం రాయాలి. సోమవారం పెట్టెలు గోదాం నుంచి రాలేదని రాశాను. వచ్చాయి. మంగళవారం నిచ్చెన దొరకలేదన్నాను. బుధవారం జనం ఎక్కువన్నాను. గురువారం ఒక పెట్టె తెరిచాను. పైనే తెల్లటి మేజోళ్ళు, నా బొటనవేలికి పట్టేంతవి. మూత మూసి, టేపు అంటించి, పాల అర దగ్గరికి వెళ్ళి, అప్పటికే సర్దిన ప్యాకెట్లు మళ్ళీ సర్దాను.

దానికి పదిహేను రోజుల ముందు, ఐదో నెలలో, నాకు కడుపు పోయింది. షాపు కోటు వదులుగా ఉండేది కాబట్టి అక్కడెవరికీ తెలియదు. ఏడో నెలలో చెబుదువులే అన్నారు అత్తయ్య. పోయాక, ఇక చెప్పడానికేముంది అన్నారు. నాకు జ్వరమని చెప్పించి ఆయన నాలుగు రోజులు సెలవు పెట్టించారు. ఐదో రోజు పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, డబ్బా కట్టావా అని అడిగారు. ఆస్పత్రి కాగితాలేవంటే, అవెందుకిప్పుడు, చింపేశానన్నారు. కటువుగా ఏమీ అనలేదు. పాత రసీదు గురించి చెప్పినట్టు చెప్పారు. ఆడపిల్లని నర్సు చెప్పింది. ఆ మాట నేను ఇంట్లో అన్నప్పుడు అత్తయ్య టీవీ శబ్దం పెంచారు. ఆవిడ స్నానానికీ ఆయన డబ్బాకీ మధ్య నాకు నాలుగు నిమిషాలు ఖాళీ ఉంటుంది. కుళాయి తిప్పి, ఆ నాలుగు నిమిషాలూ ఏడ్చేదాన్ని. నీళ్ళు వృథా చేస్తున్నావన్నారు మామయ్య.

శుక్రవారం కారణం గడి దగ్గర పెన్ను ఆగింది. నా దగ్గర అబద్ధాలు అయిపోయాయి. "ఐదో నెలలో నా కూతురు పోయింది" అని రాసి, ఆ కాగితం ఫ్లోర్ మేనేజరు బల్ల మీద పెట్టాను.

ఆవిడ నాకంటే చిన్నది. ముందు నాలుగు రోజుల కాగితాలూ తీసిపెట్టుకుని, గట్టిగా అడగడానికే సిద్ధమైనట్టుంది. చదివి కూర్చుండిపోయింది. ఎప్పుడని అడిగితే చెప్పాను. ఆ నాలుగు రోజుల జ్వరం ఇదేనా అంది. తలూపాను.

"ఆ పని ఇంకొకరికి ఇస్తాను. మీరు ఇంటికెళ్ళండక్కా. వారం రోజులు రాకపోయినా ఫర్వాలేదు."

నేను కదల్లేదు. తోడు ఎవరినైనా పంపనా అంది.

"ఇక్కడే ఉండనివ్వండి మేడమ్," అన్నాను. "ఆ ఇంట్లో నాకు కూతురే లేదు."