లేడీ అంటే

"మిషన్‌లో కలిపిన పిండికి రుచి ఉండదు. నీ చెయ్యి పడాల్సిందే," అనేవాడు భర్త. పెళ్లైన కొత్తలో ఆమె అది మెచ్చుకోలనుకుని మురిసిపోయింది. పొద్దున్నే రొట్టెలు, ఆ తర్వాత బడిలో ఇంగ్లిష్ పాఠాలు. అక్కడ హెడ్మాస్టరు "లేడీస్‌కి ఓపిక ఎక్కువండీ" అంటూ అందరూ వద్దన్న పనులన్నీ తెచ్చి ఆమె నెత్తిన పెట్టేవాడు. ఎవరైనా మెచ్చుకున్నారంటే వెనకాలే చాకిరీ వస్తోందని ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు.

అలాంటి మనిషిని రేడియోవాళ్లు పిలిచారు. రోజూ పొద్దున కాసేపు ఒక ఇంగ్లిష్ మాట పుట్టుక చెప్పాలి, వినేవాళ్లు ఫోన్లు చేస్తారు. ఆమెకు కాళ్లు నేలమీద ఆనలేదు. భర్త మాత్రం, "సరదా పడుతున్నావు, వెళ్లిరా. రేపటికి రొట్టెలు అమ్మ చేస్తుందిలే. కానీ ఆ ఒక్కరోజే," అన్నాడు. అత్తగారు ఏమీ అనలేదు. ఆవిడ మౌనం ఎటు మొగ్గుతుందో ఆ ఇంట్లో ఎవరికీ అంతుపట్టదు.

స్టూడియోలో ఎర్రదీపం వెలగ్గానే ఆమె భయంభయంగా మొదలుపెట్టింది.

"వెయ్యేళ్ల కిందట లేడీ అంటే రొట్టెల పిండి పిసికే మనిషి. లార్డ్ అంటే ఆ రొట్టెలకు కాపలా ఉండేవాడు. ఆవిడ చేతులు నొప్పెట్టేలా పిసికితే, ఆయనగారు పాపం కాపలా కాశాడన్నమాట!"

అద్దం అవతల ఇంజనీరమ్మ పకపకా నవ్వింది. భయం ఎటు పోయిందో పోయింది. బడిలో అరిచే గొంతూ, ఇంట్లో అణిగే గొంతూ కాక తనకింకో గొంతు ఉందని తెలిసి, ఆమెకు పట్టలేనంత సంతోషమేసింది.

మొదటి ఫోన్ వచ్చింది. "అమ్మాయ్, నేనే, మీ అత్తని."

ఊరంతా వింటోంది.

"ఎంత బాగా చెప్పావే! ఇన్నేళ్లు పిసికాను, నాకింత బిరుదుందని ఒక్కడూ చెప్పి చావలేదు. పిండి మీ ఆయన ముందు పెట్టాను. మోచేతుల దాకా పూసుకుని కూర్చున్నాడు. అది సరేగానీ, హస్బెండ్ అంటే ఏమిటే?"

"అమ్మా, ముందా ఫోన్ పెట్టెయ్!" వెనకాల భర్త గొంతు.

ఆమెకు నవ్వాగలేదు. కుర్చీ మైకు దగ్గరికి లాక్కుంది.

"అది రేపు చెప్తానత్తయ్యా," అంది, ఊరంతా వినేలా.