లేని మేడమీద బాడిగ గది

నాగవేణికి అబద్ధం చెప్పడం రాదు. రాదని ఆమెకే తెలుసు. అందుకే ఆ పనిని ఎనిమిదేళ్ల కూతురి నెత్తిన పెట్టింది.

జమ్మలమడుగు రోడ్డు మీద పొద్దున ఎనిమిదింటి బస్సు. ప్రొద్దుటూరు ఇంకా అరగంట ఉంది. కిటికీ దగ్గర నందిని, పక్కన నాగవేణి, ఆమె ఒళ్లో ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలు.

"మీ ఇల్లు యాడమ్మా అంటే ఏం చెప్తావు?"

"ఖమర్‌బీ పెద్దమ్మోళ్ల ఇంటి మేడమీద."

"ఎన్నాళ్ల నుంచి?"

"సమ్మచ్చరం నుంచి."

"మీ నాయన ఏం చేస్తాడు?"

"జీవాలు మేపుతాడు."

నాగవేణి కళ్లు మూసుకుంది. "మేపడు. ప్రొద్దుటూరు వీధుల్లో గొర్రెల్ని యాడ మేపుతారుమ్మే? ఇండ్లు కట్టే బేల్దారి పని అని చెప్పు."

"మరి మన జీవాలు?"

"లేవు."

"నూటిరవై సచ్చిపోయినాయా?"

"సావలేదు. ఈ పొద్దుటికి మనయి కావు, అంతే."

నందిని కాసేపు ఆలోచించి, "నాయనకు తెలుసునా?" అంది.

వెనక సీటులో ఎవరో ముసలాయన నవ్వును దగ్గులోకి మార్చుకున్నాడు. నాగవేణి కవరును గుండెకు హత్తుకుని కిటికీలోంచి బయటికి చూసింది.

నాగవేణి చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. ఆపింది ఎవరూ కాదు, ఒక వంక. పుట్టింటి పల్లెకూ హైస్కూలుకూ మధ్య పారే ఆ వంక ఒక వానాకాలం నెల రోజులు పారింది. నెల తర్వాత వాళ్ల నాయన "పది సంగతి తర్వాత చూద్దాంలే" అన్నాడు. ఆ తర్వాత మేనత్త కొడుకు రామాంజులుతో పెళ్లి చూశారు గానీ పది సంగతి ఎవరూ చూడలేదు. ఇప్పుడు అత్తగారి పల్లెలో బడి రెండో తరగతి దాకానే. మూడు నుంచి పిల్లలు పక్క ఊరికి నడిచిపోవాలి, మూడు కిలోమీటర్లు. దారిలో వంక ఉంది. అది వేరే వంకే. కానీ వంకలన్నీ ఒకే తల్లి పిల్లలని నాగవేణి నమ్మకం.

ఆమె ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడిలో చీరలకు ఫాల్ కుడుతుంది. ఆడవాళ్లకు బస్సు టికెట్టు లేకుండా పోయినప్పటి నుంచి రోజూ పోయి రావడం సులువైంది. అంగడి వెనక రెండు వీధుల అవతల మున్సిపల్ బడి. ఇంటర్వెల్‌లో పిల్లల గోల కుట్టు మిషను చప్పుడును దాటి వినిపిస్తుంది. ఒకరోజు గేటు సందులోంచి చూసింది. తరగతికొక టీచరు ఉన్నారు. తన పల్లెలో టీచరుకు రెండు తరగతులు, అదీ ఆయనకు మీటింగు లేని రోజు.

గేటుకు బోర్డు వేలాడుతోంది: ముందు చుట్టుపక్కల వీధుల పిల్లలకు, తర్వాత సీట్లుంటే ఇతరులకు.

ఆ 'తర్వాత' అన్న మాటే ఆమెను భయపెట్టింది. తన బతుకులో తర్వాత అన్నది ఏదీ ఇంతవరకు రాలేదు.

అంగడికి జాకెట్లు కుట్టిచ్చే ఖమర్‌బీ ఇల్లు ఆ బడి వీధిలోనే. సంగతి విని ఆమె సూది నోట్లోంచి తీయకుండానే, "మా ఇల్లు రాయిచ్చుకో. రాస్తే అరిగిపోతాదా" అంది. బాడిగ కాగితం రాసేవాడి దగ్గర అందరికీ కలిపి ఒకటే నమూనా ఉంది. దాంట్లో పేర్లు మార్చి 'మేడమీద తూర్పు గది' అన్న మాటను మాత్రం అలాగే వదిలేశాడు. ఖమర్‌బీది రేకుల ఇల్లు. చదివి వినిపిస్తే ఆమె మురిసిపోయింది. "పోనీలే, మా ఆయన ఇరవై ఏండ్ల నుంచి వేస్తా వేస్తా అంటాండాడు. కాగితంలోనన్నా మేడ లేసింది."

రామాంజులుకు చెబితే ఆయన గొర్రెపిల్లకు పాలు పట్టిస్తూ, "అయితే రేపట్నుంచి నేను సంగటికి ప్రొద్దుటూరు రావాల్నా?" అన్నాడు. అంతకు మించి ఆయన దీంట్లో తల దూర్చలేదు.

హెడ్‌మాస్టరు గదిలో ఉన్నది ఆడమనిషే. సరస్వతమ్మ. బట్టల వ్యాపారుల ఇంటి బిడ్డ. చీర అంచును పట్టి చూసి ఇది ఎక్కడి నేతో చెప్పే వాళ్ల మధ్య పెరిగింది. కాగితాలను కూడా అలాగే అంచు పట్టుకుని చూసింది. ఒకసారి 'మేడమీద' అని పైకి చదివింది.

నందిని చేతులు కట్టుకుని, అడిగేదాని కోసం నోరు సగం తెరుచుకుని నిలబడింది. సరస్వతమ్మ పిల్లను ఏమీ అడగలేదు.

"ఏమ్మా, మీ వీధిలో కొళాయి నీళ్లు ఎప్పుడిడుస్తారు?"

ఈ ప్రశ్న ఏ కాగితంలోనూ లేదు. నాగవేణికి తమ పల్లె ట్యాంకు, దాని కింద నాలుగు కొళాయిలు కళ్ల ముందుకు వచ్చాయి.

"పొద్దున ఆరింటికి, మేడం."

"ఏ రోజుల్లో?"

"రోజూ."

బీరువా దగ్గర రిజిస్టర్లు సర్దుతున్న టీచరమ్మ వెనక్కి తిరిగి చూసింది. సరస్వతమ్మ కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది.

"రోజూ నీళ్లొచ్చే ఇల్లా? ఆ మేడమీద ఇంకో గది ఉంటే చెప్పమ్మా, నేనొచ్చి బాడిగకుంటా."

నందిని అమ్మ కొంగు పట్టుకుని, "జీవాల సంగతి అడగలేదే మా" అని మెల్లగా గుర్తు చేసింది.

"ఏం జీవాలు పాపా?"

"లేవు మేడం," అంది నందిని. "ఒక్కటీ సావలేదు గానీ, లేవు."

సరస్వతమ్మ కిటికీ వైపు తిరిగి కొంచెంసేపు బయటికే చూసింది. ఇటు తిరిగేసరికి ముఖం మామూలుగా ఉంది. "పిల్లల్ని చేర్చమని ఇంటింటికీ ఎట్లాగూ తిరగాల్సిందే. రేపు మీ వీధికి వస్తా. నీళ్లొచ్చే పూటకే వస్తా, అందరూ దొరుకుతారు. ఉంటావు కదా?"

"ఉంటాను మేడం. నా ఇల్లే కదా."



ఖమర్‌బీ సంగతంతా విని తల కొట్టుకుంది. "అల్లా, పేర్లు నేర్పితివి, నాయన పని నేర్పితివి, నీళ్ల సంగతి నేర్చుకోకపోతివా? మా వీధికి దినం మార్చి దినం. పొద్దున ఏడు మీద పది నిమిషాలకు. మగోళ్లు పెళ్లిరోజు మర్చిపోతారు గానీ ఈడ ఆడోళ్లెవరూ ఇది మర్చిపోరు."

"ఇప్పుడెట్లక్కా?"

"పరేషాన్ గాకు. రేపు తొలి బస్సుకు రా. బిందె పట్టుకుని వరసలో నిలబడు. నీళ్లు మోసే ఆడదాన్ని, నీ ఇల్లు యాడని ఎవరడుగుతారు?"

మర్నాడు ఏడింటికి నాగవేణి నందినిని వెంటబెట్టుకుని, ఖమర్‌బీ ఇచ్చిన ఎర్ర బిందెతో వీధి కొళాయి దగ్గర నిలబడింది. ఖమర్‌బీ ఇంటి ముందు తాడు మీద నందిని గౌన్లు రెండు ఆరేసి ఉన్నాయి. తడవకుండానే ఆరుతున్నాయి. కొళాయి దగ్గర బిందెలకు ఒక వరస ఉంది. ఆ వరస ఆ బిందెల అత్తల కాలం నుంచి వస్తున్నది. నాగవేణికి అది తెలియదు. ఖాళీ కనబడిన చోట బిందె పెట్టింది.

"ఎవరిదిమ్మే ఈ ఎర్ర బిందె?" బాలనాగమ్మ అడిగింది. ఆ వీధికి పెద్ద ఆమె. "మా బిందె ముందర పెట్టేదానికి నువ్వు యాడి దానివి?"

"మా బాడిగ పిల్లే అవ్వా," అంది ఖమర్‌బీ.

"నీ ఇంట్లో బాడిగనా? నువ్వు పడుకుంటే నీ కాళ్లు వీధిలో ఉంటాయి కదే."

సరిగ్గా అప్పుడే వీధి మలుపులో గొడుగు, చేతిసంచి, నోటుపుస్తకంతో సరస్వతమ్మ కనబడింది. ఖమర్‌బీ బాలనాగమ్మ చెవిలో రెండు మాటలు ఊదింది. ఆ రెండు మాటలు వరస చివరి బిందె దాకా పోవడానికి కొళాయి బుస్సుమన్నంత సేపు కూడా పట్టలేదు.

సరస్వతమ్మ ముందు రేకుల కప్పు వైపు తలెత్తి చూసింది. "మేడ బాగుంది," అంది. తర్వాత అందరినీ కలిపి అడిగింది. "ఈమె ఈడ ఉంటాదా?"

"ఉండక యాడికి పోతాది మేడం," అంది బాలనాగమ్మ. "ఐదేండ్ల నుంచి చూస్తాండా. ఈ పాప ఈడ్నే పుట్టె. పురుడు పోసింది నేనే."

"పాపకు ఎనిమిదేండ్లు కదా అవ్వా?"

"ఆ, ఎనిమిదేండ్ల నుంచి. ఈ వయసులో లెక్క యాడ నిలుస్తాది."

అదే సమయంలో వరసలో నాలుగో బిందె దగ్గర నుంచి దీప్తి కూడా సాయానికి వచ్చింది. కొత్త కోడలు కాదు గానీ ఇంకా ఉత్సాహం తగ్గలేదు. "మొన్న ఉగాదికి పులివెందుల నుంచి వచ్చినారు మేడం. శానా మంచోళ్లు. వాళ్లాయన ఆడ బ్యాంకులో చేస్తాండె."

"బేల్దారి అని రాసుకున్నారే కాగితంలో."

బాలనాగమ్మ అందుకుంది. "బ్యాంకు కట్టేటప్పుడు చేసినాడు మేడం. బేల్దారి కదా."

"అంటే పులివెందులలో బ్యాంకు కడుతూ, ఈడ ఎనిమిదేండ్లు కాపురం చేసినాడు."

"పనిమంతుడు మేడం," అంది బాలనాగమ్మ.

నందిని అమ్మ చెయ్యి గుంజింది. "అమ్మా, మనకు నాయనలు ఇద్దరా?"

నాగవేణికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఎవరో తెలియని ఆడవాళ్లు, వరస తప్పి బిందె పెట్టినందుకు తిట్టినవాళ్లు, తన కోసం ఇన్ని అబద్ధాలు మోస్తున్నారు. మోయలేక అవి ఒకదాని మీద ఒకటి ఒలుకుతున్నాయి. ఇంకో రెండు నిమిషాలు ఊరుకుంటే రామాంజులు బ్యాంకు మేనేజరైనా ఆశ్చర్యం లేదు. తాను నోరు తెరిస్తే సీటు పోతుంది. తెరవకపోతే నందిని రేపట్నుంచి నాయన పేరు అడిగినా ఆలోచించుకుని చెప్పాలి.

"మేడం," అంది. "మేమీడ ఉండము. జమ్మలమడుగు రోడ్డులో మా పల్లె. ఆయన గొర్రెలు మేపుతాడు. ఒకటే మొగుడు. వీళ్లనేమీ అనొద్దు, ఎవరెవరో కూడా నాకు తెలీదు. పిల్లకు చదువు ఆగకూడదని ఈ పని చేసినా."

కొళాయి నీళ్లు బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ కట్టలేదు.

"నిన్ననే తెలుసమ్మా," అంది సరస్వతమ్మ. తర్వాత నాగవేణిని వదిలేసి వరస మొత్తం మీదికి కళ్లద్దాలు తిప్పింది. "ఈమె బిడ్డ బడిలో చేరాలని ఇంతమంది సాక్ష్యం చెప్తిరే. బడి ఉండేది మీ వీధిలో. మీ పిల్లోళ్లు యాడ?"

వీధిలో అకస్మాత్తుగా అందరికీ బిందెల్లో ఏదో పని దొరికింది. ఆ వీధి పిల్లలు టై కట్టుకుని పసుపు బస్సులో ఊరి అవతలికి పోతారని అందరికీ తెలుసు. ఆ బస్సు బడి గేటు ముందే ఆగి ఎక్కించుకుంటుంది.

"మూడో తరగతిలో మూడు సీట్లుండాయి," అంది సరస్వతమ్మ, నోటుపుస్తకం తెరిచి. "ముందు మీకే. అడుగుతాండా."

దీప్తి చెంగుతో ముఖం తుడుచుకుంది. "మావాన్ని రాసుకోండి మేడం. బస్సెక్కితే వాడికెట్లాగూ వాంతులే."

ఒకటి పోయింది. నాగవేణి బిందె అంచు పట్టుకుంది.

"మా మనవరాల్ని కూడా," అంది బాలనాగమ్మ, ఎవరి వైపూ చూడకుండా. "మా కోడలితో నేను మాట్లాడుకుంటా."

రెండు.

"ఇంకెవరన్నా?"

దీప్తి మళ్లీ నోరు తెరిచింది. "చివరింటోళ్ల పిల్ల..."

"వాళ్లను నిన్ననే అడిగినా. వద్దన్నారు."

"నీ బిందె పొర్లుతాంది, చూసుకో పో," అంది బాలనాగమ్మ దీప్తితో. ఆ బిందె ఐదు నిమిషాల నుంచీ పొర్లుతూనే ఉంది.

సరస్వతమ్మ నోటుపుస్తకంలో పేజీ తిప్పింది. "ఈ చుట్టుపక్కల వీధుల్లో బాడిగ కాగితాలు పెట్టినోళ్లు ఇంకో పదకొండు మంది. అందరి ఇండ్లకూ పోయొచ్చినా. నీళ్లు ఎప్పుడొస్తాయో ఒక్కరికీ తెలీదు. కానీ అందరూ ఈడోళ్లేనంట, ఒట్టు కూడా పెట్టినారు. ఆ కాగితాలు చెల్లవు. నేను బయటిదాన్ని అని చెప్పింది నువ్వొక్కదానివే." పెన్ను మూత తీసింది. "కాబట్టి మిగిలిన ఆ ఒక్క సీటుకు బయటోళ్ల లిస్టులో ఉండేది ఒకటే పేరు. ఏం చేయాల, నువ్వే మొదలు, నువ్వే చివర."

నాగవేణికి ఆ లెక్క అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఖమర్‌బీకి ముందే అర్థమై వీపు మీద ఒకటి చరిచింది.

"కొత్త ఫారం నింపు," అంది సరస్వతమ్మ, సంచిలోంచి ఒకటి తీసిచ్చి. "ఈసారి నీ చేత్తోనే."

పన్నెండేళ్లయింది నాగవేణి ఫారం నింపి. కొళాయి గట్టు మీద కూర్చుని, తడి చేతులు పైటకు తుడుచుకుని, ఒక్కో అక్షరం కుట్టు వేసినట్టు వేసింది. పల్లె పేరు రాసింది. తండ్రి పేరు రామాంజులు, వృత్తి గొర్రెల పెంపకం అని రాసింది. నందిని పక్కన వంగి, "నూటిరవై అని కూడా రాయి" అంది. ఆ గడి లేదని చెప్పింది నాగవేణి.

చివరలో 'ఇంటి నుంచి పాఠశాలకు దూరం' అన్న గడి దగ్గర ఆగిపోయింది. కిలోమీటర్లు ఆమె ఎన్నడూ కొలవలేదు. అబద్ధం రాయకూడదని కాసేపు ఆలోచించి, రాసి ఇచ్చింది.

సరస్వతమ్మ కళ్లద్దాలు సర్దుకుని చదివింది. 'బస్సుకు ముప్పావు గంట. బస్సొస్తే.'

కొట్టేసి కిలోమీటర్లు రాయమంటుందేమోనని నాగవేణి చూసింది. సరస్వతమ్మ ఆ గడి పక్కనే టిక్కు పెట్టి, ఫారంతో సహా పుస్తకం సంచిలో పెట్టుకుని గొడుగు తెరిచింది.