నాయినను నడిపించిన నాలుగు వారాలు

మా నాయినను నడిపించింది నేనే. ఎవరైనా అడిగేలోపు నేనే చెప్పేస్తే ఒక పీడ వదులుతుంది.

నాయిన ఆశీర్వాదం అంటే ఆత్మకూరులో మా వాడంతా ఎరుగుదురు. ముప్ఫై ఏళ్లు ఎక్కడెక్కడి కాలువలనో తవ్వి, ఎవరెవరి డ్యాములకో మట్టి మోసి వచ్చిన మనిషి. కడుపులో క్యాన్సర్ అని తేలాక హైదరాబాదు దవాఖానలో మూడు నెలలు మందులు ఎక్కించారు. గడ్డ కుంచించుకుపోయింది, ఇక కడుపులో సగానికి పైగా కోసి తీసేయాలి, నాలుగు వారాలాగి రండి అన్నారు పెద్ద డాక్టరు. అప్పటికి నాయిన మంచం దిగాలంటే అమ్మ భుజం కావాలి.

"ఇట్లా ఉంటే కోత తట్టుకోలేడు," అంది అక్కడ వ్యాయామాలు నేర్పే శిల్ప. "రోజూ అరగంట నడిపించండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేపండి. గుడ్లు, పప్పు బాగా పెట్టండి. బలం ఆపరేషన్‌కు ముందే రావాలి." మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి చేతిలో పెట్టింది. గొట్టంతో గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలట.

నేను అంగన్‌వాడీ టీచర్ని. మాట వినకపోతే ఊరుకునే రకం కాదు, పిల్లలైనా సరే, నాయినైనా సరే. తెల్లారగానే కాలువ గట్టు మీదికి తీసుకుపోయేదాన్ని. మొదటి రోజు రెండో కరెంటు స్తంభం దగ్గరే కూలబడ్డాడు. అమ్మ ఏడ్చింది. చూసిపోవడానికి వచ్చిన చుట్టాలంతా నన్ను ఆడిపోసుకున్నారు.

"పండవెట్టాల్సిన మనిషిని గొడ్డును తోలినట్టు తోల్తున్నవేంది హెప్సిబా?" అన్నాడు నాయినతో పనులకు తిరిగిన హన్మంతు.

"నీకు తెల్వదు కాకా, జర ఊకో," అన్నాను. పెద్దవాడని కూడా చూడలేదు.

పన్నెండో రోజు మూడు బంతులూ లేచాయి. మూడో వారంలో నాయిన గట్టు చివర తూము దాకా పోయి, ఎక్కడా కూర్చోకుండా తిరిగొచ్చాడు. రెండు జొన్నరొట్టెలు తిని మూడోది అడిగాడు. అదే హన్మంతు కాక "అన్న రోగం పోయింది" అని వాడంతా చాటాడు. సంబరం పట్టలేక నేను కాదనలేదు. కాదనాల్సింది.

నాలుగు వారాలు నిండే ముందు ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ నాయిన లేచాడు. దేవుడు చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పుకోవడం మాలో ఉన్నదే.

"మంచంల వడ్డోణ్ణి. ప్రభువు లేపి నడిపించిండు. కడుపుల రోగం తీసేసిండు," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆమెన్ అన్నాను కూడా, అందరికంటే గట్టిగా.

మంగళవారం పొద్దున హైదరాబాదు ప్రయాణానికి బట్టలు సర్దుతుంటే నాయిన గడపలో అడ్డంగా కూర్చున్నాడు.

"నేను రాను బిడ్డా. నాకేమైంది? మంచిగ తింటున్న, మంచిగ నడుస్తున్న."

"గడ్డ లోపల్నే ఉంది నాయినా. కోత తట్టుకోవాలనే గదా ఇన్ని దినాలు నడిపిచ్చింది!"

"సంఘం ముందల సాక్ష్యం చెప్పిన. ఇప్పుడు పోయి కోయించుకుంటే అది అబద్ధం కాదా?"

అరిచాను, కాళ్లు పట్టుకున్నాను. పాస్టరుగారు వచ్చి, డాక్టర్లను ఇచ్చింది కూడా దేవుడే అని నచ్చజెప్పి చూశారు. నాయిన కదల్లేదు. భయమని ఒక్క మాటంటే నేను పక్కన కూర్చుని ధైర్యం చెప్పేదాన్ని. డ్యాముల మీద పనిచేసి వచ్చిన మనిషి కూతురి ముందు ఆ మాట ఎలా అంటాడు? బస్సు వెళ్లిపోయింది. నాకు నాయిన మీద కంటే, చప్పట్లు కొట్టిన నా చేతుల మీదే కోపం వచ్చింది.

నాలుగు నెలలు బాగానే తిరిగాడు. తర్వాత వాంతులు మొదలయ్యాయి. పొట్టలో నీరు చేరింది. అప్పుడు నోరెత్తకుండా నా వెంట బస్సెక్కాడు.

స్కానింగ్ చూసిన డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు. జబ్బు కాలేయానికి పాకిందనీ, ఇక కోసి లాభం లేదనీ, నొప్పి తెలియకుండా మాత్రం చూస్తామనీ చెప్పారు. నేను తల ఊపి బయటికి వచ్చాను. నాయిన బెంచీ మీద ఒరిగి కూర్చుని ఉన్నాడు. కాళ్లు పుల్లల్లా ఉన్నాయి.

"ఏమన్నరు బిడ్డా?"

నేను పోయి పక్కన కూర్చున్నాను.

"కోస్తరంటనా? ఈసారి అడ్డం చెప్ప. సంఘం ఏమన్న అనుకోనీ," అన్నాడు. "బలం లేదని అన్నరా? మల్ల నడుస్త. ఎన్ని దినాలు నడవాలె?"

అబద్ధం ఆడటం తప్పని చిన్నప్పటి నుంచీ నాకు నేర్పింది ఆయనే.

"నాలుగు వారాలు నాయినా," అన్నాను.

"గంతేనా?" అని గోడ పట్టుకుని లేచాడు. వరండా చివరి కిటికీ దాకా పోయి వస్తానన్నాడు. నేను పడిపోకుండా వెనక నడిచాను.