రాతిగొడ్డలి గాట్లు

వాగు ఒడ్డునున్న కూలిబా అనే యూకలిప్టస్ జాతి చెట్టు దగ్గరికి ఆ ఉదయం ఈ నేల ఆదివాసులం, మావాళ్ళం నలభైమందిమి వెళ్ళాం. నూట అరవై ఏళ్ళ కిందట ఈ దేశం నడిమి భాగాన్ని చూడ్డానికి వచ్చిన తెల్లదొర ఒకడు ఆ మాను మీద తన పేరులోని రెండక్షరాలు చెక్కిపోయాడు. అక్షరాలున్న చోట బెరడు లేదు. ఆ బెరడు ఒలిచింది కూడా దొర మనుషులేనని చెట్టు పక్కన పెట్టే కొత్త బోర్డు మీద రాయబోతున్నారు. కాదు, అంతకుముందే మన ఆడవాళ్ళు ఒలిచారని మా ఆయన మేనత్త మెర్ల్ పట్టు. ఆనవాలు చూపిస్తే మాట మారుస్తానని కౌన్సిల్ ఆఫీసరు గ్రేమ్ కూడా వచ్చాడు.

చెట్టుకు పది అడుగుల దూరంలో అత్త ఆగి, "మేమే! మీ పిల్లలమే వచ్చాం!" అని అక్కడ కాలం చేసిన మా పెద్దలకు కేక వేసింది. ఆ తర్వాతే మమ్మల్ని ముందుకు రానిచ్చింది.

అత్త మేనల్లుడు లాయిడ్, గింజలూ నీళ్ళూ మోయడానికి ఒలిచిన బెరడుతో చేసిన పాత దోనెను ఇంట్లోంచి తెచ్చి మాను మీది మచ్చకు ఆనించాడు. దోనె జానెడు పొడవెక్కువైంది. గ్రేమ్ పుస్తకం మూసేశాడు.

"ఒరేయ్ లాయిడ్, నిన్నెవడు తెమ్మన్నాడురా? అది మా అమ్మ ఎగువ వాగు దగ్గర ఒలిచింది!" అంది అత్త. "అయినా చెట్టు పెరగదా? అంచులు మూసుకురావా? నీ పొట్ట పెళ్ళినాడు ఇంతే ఉందా?"

"పొట్ట సంగతి ఇప్పుడెందుకత్తా!" అన్నాడు లాయిడ్. నవ్వులు లేచాయి.

"బాబూ గ్రేమ్, ఇలా రా. మాను ఎక్కడ వంగిందో చూడు. అక్షరాలు చెక్కేవాడికి చదునైన చోటు కావాలి. దోనె చేసేవాళ్ళకే వంపు కావాలి, లేకపోతే దానికి కడుపు రాదు. ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చో."

గ్రేమ్ కూర్చున్నాడు. మచ్చ అడుగుకొస ఇంకా మూసుకోలేదు. అక్కడ చెక్క మీద మొద్దు గాట్లు, రాతిగొడ్డలి కొరికినవి, వరసగా ఉన్నాయి. రెండో అక్షరం తోక వాటి మీదుగా పోయింది. ఇనుప ఉలి గీత పదునుగా, రాతి గాట్లను అడ్డంగా కోసుకుంటూ వెళ్ళింది.

గ్రేమ్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"ముందు రాయి," అన్నాడు చివరికి. "ఇనుము దాని మీద. ఆంటీ, మీదే నిజం."

వెనక ఎవరో ఈల వేశారు. ఆడవాళ్ళం అత్తను పట్టుకుని ఊపేశాం.

"వదలండే, నడుము విరుగుతుంది! ఇంకా రాయించాలి."

"ఏం రాయమంటారు?" అన్నాడు గ్రేమ్.

"ఇక్కడ మా తల్లులు దోనెలు చేసుకునేవారు. చాలా కాలానికి ఒకాయన దారి తప్పి వచ్చాడు."

"దారి తప్పి అంటే మావాళ్ళు ఊరుకోరండీ."

"సరే పాపం, 'దారి అడుగుతూ' అని రాయి."

గ్రేమ్ నవ్వుకుంటూ అలాగే రాశాడు. అత్త ఆ కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు చదవవే. వాగు అవతలికి వినపడాలి."

నేను రెండుసార్లు చదివాను. రెండోసారి మిగతావాళ్ళందరూ నాతో గొంతు కలిపారు.