హరిణి గీసిన బొమ్మ

మధ్యాహ్నం అంగడి నుంచి భోజనానికి వచ్చిన రాఘవేంద్ర, భార్య గది వైపు చూసి, "పొద్దున్నుంచీ రంగుగీతలే చూస్తాంది. అదీ ఒక ఉద్యోగమేనా?" అన్నాడు. సరస్వతమ్మ కొడుక్కి అన్నం వడ్డించింది. కోడలు హరిణి ధర్మవరం నుంచి ఈ హిందూపురం ఇంటికొచ్చి నాలుగేళ్లు. బెంగళూరు కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తుంది. ఆ పనేమిటని ఎవరూ అడగలేదు, తనతో సహా. ఆ సిగ్గుతోనే సరస్వతమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని లోపలికెళ్లి అడిగింది.

హరిణి నమ్మనట్టు చూసి, కుర్చీ జరిపి చెప్పింది. ఒకే పెద్ద కంప్యూటరు నాలుగు కంప్యూటర్లలా పనిచేస్తుందట. ఆ నాలుగింటిలో దేనికెప్పుడు వంతు ఇవ్వాలో చూసే ప్రోగ్రాము పేరు హైపర్‌వైజర్. ఇచ్చిన ప్రతి వంతూ నమోదవుతుంది, గంటకు లక్షల వరసలు. చదివితే ఏమీ తేలదని హరిణి వాటిని బొమ్మగా మార్చింది. పచ్చగీత ఉంటే పని నడుస్తున్నట్టు, ఎర్రగీత ఉంటే పనుండీ వంతు రానట్టు. బొమ్మలో ఒక్కో కంప్యూటరుకు ఒక్కో వరస; మూడోది ఒక ఆసుపత్రిది. అది మాటిమాటికీ ఆగిపోతోంది. తప్పు ఆసుపత్రి వాళ్లదేనని కంపెనీ మూడు వారాలుగా చెబుతోంది.

సరస్వతమ్మ తెర మీదికి వంగింది. "మూడోది ఎర్రగా అయినప్పుడంతా నాలుగోది పచ్చగా ఉండాదే?"

"అదే అత్తా. ఆ నాలుగోది మా కంపెనీదే. దాని వంతు అయిపోయినా హైపర్‌వైజర్ దాన్ని పక్కకు తప్పించడంలేదు. తప్పు మాది."

అంతలో మేనేజరు ఫోన్. బొమ్మ తోటి ఉద్యోగి ఉదయ్ కుమార్‌కు పంపమని, ఆసుపత్రి వాళ్లకు అతనే వివరిస్తాడని, ఆమెకు ఇంట్లో పనులుంటాయి కదా అని. ఇంతకుముందు రెండుసార్లు హరిణి అలాగే పంపేసిందట. ఈసారి, "నేను కనుక్కున్నాను సార్, నేనే చెప్తాను," అంది. మేనేజరు సరేనని ఆసుపత్రి వాళ్లను వీడియో కాల్‌లోకి కలిపాడు.

ఇరవై నిమిషాలు మాట్లాడింది. తప్పు మాదేనని ఒప్పుకుంది, ఎలా సరిచేస్తారో చెప్పింది. మధ్యలో తలుపు తోసిన కొడుకును సరస్వతమ్మ చేత్తోనే ఆపి పంపేసింది. ఇంత సూటిగా, ఇంత నెమ్మదిగా ఒక ఆడపిల్ల పదిమంది మగవాళ్లకు చెప్పడం ఆమె ఎన్నడూ చూడలేదు. అవతల ఆసుపత్రి ఆయన థాంక్స్ చెప్పాడు.

హరిణి తల బల్లకు ఆనించింది. సరస్వతమ్మ ఆ వీపు మీద చెయ్యి వేసింది.

"పెనుకొండ బడిలో లెక్కల్లో నేనే ఫస్టు," అంది. పెళ్లయిన ముప్ఫయ్యారేళ్లలో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అది. "ఇట్లాంటి బొమ్మ ఇంకొకటి చూపీ."