ఎడమ చెయ్యి ఎత్తండి

పళ్ళ డాక్టరు గారికి రెండే వ్యాపకాలు. పగలంతా పళ్ళు చూస్తారు, ఇంటికెళ్ళాక సినిమాలు చూస్తారు. సినిమాల్లోనూ ఆయన కళ్ళు పడేది పళ్ళ మీదే. "పన్నెండేళ్ళు జైల్లో ఉన్నవాడికి అంత తెల్లటి పలువరస ఎక్కడిదండీ? నాకు కథ అక్కడే చచ్చిపోయింది" అంటారు. కథానాయిక ఏడుస్తుంటే పక్కవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు, ఈయన మాత్రం ఆ పిల్ల కింది దవడలో జ్ఞానదంతం తీయించుకుంటే బాగుండునని బాధపడతారు. అభిప్రాయం లేకుండా ఆయన ఒక్క సినిమా చూసిందీ లేదు, ఒక్క అభిప్రాయం కడుపులో దాచుకున్నదీ లేదు. నోట్లో నువ్వుగింజ నానదన్న మాట ఆయన్ని చూశాకే పుట్టి ఉండాలి.

చెప్పుకోవడానికి మనుషులకేం కొదవ? రోజంతా ఎవరో ఒకరు ఆ కుర్చీలో వెల్లకిలా పడుకుని నోరు బార్లా తెరుచుకుని ఉంటారు. కథ చెబుతూ పోతే డ్రిల్లు చప్పుడు మీంచి వాళ్ళ ధ్యాస మళ్ళుతుందని ఆయన నమ్మకం. ఇరవై ఏళ్ళుగా అదే పద్ధతి. కూర్చున్న ప్రతివారికీ ముందుగా ఒక మాట చెప్పడం కూడా ఆ పద్ధతిలో భాగమే.

"నొప్పనిపిస్తే మాట్లాడొద్దు, తల తిప్పొద్దు. ఎడమ చెయ్యి ఎత్తండి, చాలు. అక్కడికక్కడ ఆపేసి ఇంకో సూది మత్తిస్తాను."

కుర్చీకి అవతలి పక్కన ఒక చేత్తో ఉమ్ము లాగే పైపు, ఇంకో చేత్తో దూది పట్టుకుని నిలబడే మనిషి నర్సమ్మ. ఆవిడ నర్సు చదువేమీ చదవలేదు. తెల్లకోటు చూసి వచ్చినవాళ్ళు అలా పిలిస్తే, ఆ పేరే అతుక్కుపోయింది. పదకొండేళ్ళుగా అక్కడే పని. డాక్టరు గారి చేతిని ఆవిడ చూసినంత దగ్గరగా ఆయన భార్య కూడా చూసి ఉండదు. వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు పన్ను తీస్తారాయన. పీకించుకున్నవాళ్ళు లేచి కూర్చుని "ఇంక మొదలుపెట్టండి" అన్న సందర్భాలు ఆవిడకి బాగా గుర్తు.

అలాంటి చేతికి చెడ్డపేరు వచ్చింది.

ఆరు నెలల కింద డాక్టరు గారి భార్య గోడంత టీవీ ఒకటి కొన్నది. అంతకుముందు ఆయన ఏ సినిమా అయినా ఊరంతా చూసేశాక తీరుబడిగా చూసేవారు కాబట్టి ఎవరికీ పేచీ లేదు. టీవీ వచ్చాక, ఇంటర్నెట్‌లో భాగాలన్నీ ఒకేసారి వదిలే ఏ సీరియల్ వచ్చినా అది పది భాగాలు కానివ్వండి, పన్నెండు కానివ్వండి, రెండో రోజుకల్లా ఆఖరి భాగం దాకా చూసి కూర్చునేవారు. మూడోనాడు పొద్దున్నే అభిప్రాయాలతో వచ్చేవారు.

సరిగ్గా అప్పటినుంచే కుర్చీలో చేతులు లేవడం మొదలైంది. మొదట్లో వారానికి ఒకటీ రెండూ. తర్వాత రోజుకి నాలుగు. చెయ్యి లేచిన ప్రతిసారీ డాక్టరు గారు పాపం గతుక్కుమని ఆపేసేవారు, ఇంకో సూది ఇచ్చేవారు. పన్నుకి ఒక సూది సరిపోయే చోట మూడు పడేవి. బ్యాంకు క్యాషియరు ఒకాయన మత్తు దిగక, సాయంత్రం దాకా కౌంటర్లో అందరికీ చేతులు ఊపుతూ కూర్చున్నాడట. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో మాట పాకిపోయింది. "ఆయన చెయ్యి బరువెక్కిందిరా. మునుపటి చెయ్యి కాదు."

ఇంక చూడండి. రెండేసి వారాల ముందు పేరు రాయించుకుంటే తప్ప ఖాళీ దొరకని కుర్చీ, మధ్యాహ్నాలు బోసిగా ఉండసాగింది. డాక్టరు గారు దీపం కింద చేతులు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకునేవారు. కాఫీ తాగితే వణుకొస్తుందని కాఫీ మానేశారు. ఎవరో చెప్పారని పిల్లలాడే రబ్బరు బంతి ఒకటి తెచ్చుకుని, పిడికిట్లో పెట్టి పిసుకుతూ కూర్చునేవారు. ఒకనాడు ఆయన బావమరిది టేపు పట్టుకుని వచ్చి గోడలు కొలవడం మొదలుపెట్టాడు. ఫోన్ల షాపు పెడతాడట.

"నెలాఖరుకి ఖాళీ చేసి ఇచ్చేస్తానమ్మా" అన్నారు డాక్టరు గారు, నర్సమ్మ ముఖం చూడకుండా. "చేతకానప్పుడు మానేయడమే మర్యాద. జనం నోట్లో పెట్టే చెయ్యి ఇది."

నర్సమ్మకి గుండెల్లో రాయి పడింది. ఉద్యోగం పోతుందని భయం లేదనలేం, ఇంట్లో ముసలి తల్లి ఉంది. కానీ అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది ఆవిడకి. ఆ చేతికేమీ కాలేదు. అంగుళం దూరంలోంచి చూస్తున్న తనకి తెలియదా?

మర్నాడు పక్కవీధి బడి హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చారు. పన్ను ఊరికే చూపించుకోవడానికే. డాక్టరు గారు చిన్న అద్దం నోట్లో పెట్టి, అలవాటు కొద్దీ అందుకున్నారు. "లిఫ్టు మెకానిక్కు మాయమైపోయే సీరియల్ చూస్తున్నారా మేడం? నటులు పర్లేదు, మేనేజరు వేషం వేసినాయన చిగుళ్ళు మాత్రం చూడలేం. అందరూ ఆయన్నే అనుమానిస్తారు గానీ, అసలు చేసింది ఎవరంటే..."

హెడ్‌మిస్ట్రెస్ గారి ఎడమ చెయ్యి నిటారుగా లేచింది.

డాక్టరు గారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "అద్దం పెట్టినా నొప్పేనా" అని గొణుక్కుంటూ సూది కోసం అటు తిరిగారు. నర్సమ్మ మాత్రం ఆ చేతినే చూస్తూ నిలబడిపోయింది. అద్దం గుచ్చుకోదు, కొయ్యదు. మరి ఆ చెయ్యి దేనికి లేచినట్టు?

ఆ వారమంతా ఆవిడ కనిపెట్టి చూసింది. ఎవరు ఎప్పుడు చెయ్యెత్తారో, అప్పుడు డాక్టరు గారు ఏమంటున్నారో పాత క్యాలెండరు వెనక రాసిపెట్టింది. "విషం కాఫీలో కాదు" అన్నప్పుడు ఒకటి. "అసలు వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళు" అన్నప్పుడు ఒకటి. "ఆఖర్లో ఏమవుతుందంటే" అన్నప్పుడు తొమ్మిది. డ్రిల్లు పన్ను లోపలికంటా దిగినప్పుడు ఒక్కటంటే ఒక్కటి లేదు.

క్యాలెండరు పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

డాక్టరు గారు బంతి పిసకడం ఆపి, కళ్ళజోడు సవరించుకుని, అంతా చదివి మడతపెట్టి ఇచ్చేశారు. "నన్ను ఓదార్చాలని చూస్తున్నావు. నీది మంచి మనసు."

"ఓదార్పేం కాదండీ. వాళ్ళు ఇంకా మూడో భాగంలో ఉంటారు, మీరు పదోది చెప్పేస్తారు. చెప్పొద్దని చెయ్యెత్తుతున్నారు."

"మరి ఒక్కరైనా నోరు తెరిచి ఆ మాట అనొచ్చుగా?"

"నోరు తెరిచే ఉంటుందిగా డాక్టర్ గారూ. అందుకే అనలేకపోతున్నారు."

"తర్వాతైనా అనొచ్చు."

"తర్వాత మూతి తిమ్మిరెక్కి ఉంటుంది. పైగా మీరు ఏడుపు మొహం పెట్టుకుని క్షమించమంటారు. ఎలా అంటారండీ? అయినా అప్పటికి అంతా తెలిసిపోయి ఉంటుంది, అని మాత్రం ఏం లాభం?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "చెయ్యే పోయిందమ్మా. కనీసం కథలైనా బాగా చెబుతానని అనుకుంటున్నాను. అది కూడా లాక్కోకు."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది వ్యవహారం. నర్సమ్మ చరచరా వెళ్ళి కుర్చీలో పడుకుంది. పదకొండేళ్ళలో ఆ కుర్చీలో ఆవిడ వీపు ఆనడం అదే మొదలు.

"కుడివైపు పై పన్ను పిప్పి పట్టింది. కొంచెమే. మత్తు సూది వద్దు. పని కానివ్వండి."

"సూది లేకుండానా? మతి పోయిందా?"

"మీ చెయ్యి పాడైతే నేను అరుస్తాగా. ఒక్కటే షరతు. నేను చెప్పేదాకా కథ ఎత్తకూడదు."

పైపు ఆవిడే కుడిచేత్తో పట్టుకుంది. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. డాక్టరు గారు అయిదు నిమిషాలు చేతులు కడుక్కుని, ఇంకో అయిదు నిమిషాలు నిట్టూర్చి, ఎట్టకేలకు డ్రిల్లు అందుకున్నారు. గదిలో చప్పుడంటే దానిదే. నిజం చెప్పాలంటే నర్సమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నేళ్ళూ పక్కన నిలబడ్డప్పుడు తుమ్మెద పాటలా వినబడ్డది, పడుకుంటే రైలింజనులా ఉంది. మధ్యలో ఒక్కసారి చురుక్కుమంది కూడా. ఆ సంగతి ఆవిడ ఇవాళ్టికీ ఎవరికీ చెప్పలేదు. ఒళ్ళో చెయ్యి మాత్రం కదల్లేదు.

"నొప్పా?"

కాదన్నట్టు వేలు ఊపింది.

"ఇప్పుడు?"

కాదంది. పుచ్చంతా తీసేసి, శుభ్రం చేసి, సిమెంటు కూరి, గరుకు లేకుండా నున్నగా రుద్దేసరికి పావుగంట. డాక్టరు గారు డ్రిల్లు పక్కన పెట్టారు. ఆయన చేతులకేసి చూసుకున్నారు. చూసుకుని, చాలా రోజుల తర్వాత నవ్వారు.

నర్సమ్మ వేలితో సైగ చేసింది. ఇప్పుడు చెప్పండి అని.

ఆయనకి అంతకంటే కావలసిందేముంది? కరువుతీరా అందుకున్నారు. "ఈ దిగుల్లో పడి ఆలస్యమైంది గానీ, నిన్న సముద్రం మీద ఓడ సీరియల్ పూర్తి చేశానమ్మా. వంటవాడిగా వేసినవాడు నటుడంటే వాడు, పైవరసలో రెండు పళ్ళు నిజంగానే లేవు వాడికి, ఎంత సహజంగా ఉందో. వాడు నాలుగో భాగంలో నీళ్ళలో పడిపోతాడు చూడు, నువ్వు చచ్చాడనుకుంటావు. కానీ చివరికి..."

ఎడమ చెయ్యి లేచింది. దాంతోపాటు రెండు కాళ్ళూ లేచాయి.

డాక్టరు గారు చటుక్కున సూది అందుకున్నారు. అందుకుని, ఆగిపోయారు. కుర్చీకేసి చూశారు. డ్రిల్లు పళ్ళెంలో ఉంది. అద్దం పళ్ళెంలోనే ఉంది. నర్సమ్మ నోట్లో ఆవిడ నాలుక తప్ప ఏమీ లేదు. ఆయన మెల్లిగా సూది కింద పెట్టి, తన స్టూలు మీద కూలబడ్డారు.

"అయితే హెడ్‌మిస్ట్రెస్ గారు కూడా..."

నర్సమ్మ చేతిలో ఉన్న పైపుని కొక్కేనికి తగిలించింది. "ఆవిడా అంతే. క్యాషియరు గారూ అంతే."

ఆయన ఏదో తట్టినట్టు తలెత్తారు. "నువ్వు కూడా చూస్తావా ఇవన్నీ?"

"అమ్మా నేనూ చూస్తామండీ. రోజుకి ఒక్క భాగం. ఆవిడకి పొద్దుపోయేది దాంతోనే. సినిమాలైతే ఆదివారాలు, ఊరంతా చూసేశాక టీవీలో వచ్చినప్పుడు."

"పదకొండేళ్ళుగా?"

"పదకొండేళ్ళుగా. ప్రతిదీ మీ దగ్గర ముందే విని, ఇంటికెళ్ళి ఏమీ తెలియనట్టు అమ్మ పక్కన కూర్చునేదాన్ని. ఆవిడ ఉలిక్కిపడ్డ చోటల్లా నేనూ ఉలిక్కిపడేదాన్ని."

"మరి నువ్వైనా చెయ్యెత్తలేదేం తల్లీ?"

నర్సమ్మ నవ్వింది. "ఎలా ఎత్తనండీ? ఒక చేతిలో పైపు, ఒక చేతిలో దూది."

డాక్టరు గారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు కాస్త ఏడ్చారు, తర్వాత చొక్కా చేతికి కళ్ళజోడు తుడుచుకుని బావమరిదికి ఫోన్ చేశారు.

"ఏం బావా, బోర్డు రాయించేయనా?" అన్నాడు అవతలివాడు.

"వద్దురా. నా చేతికేం కాలేదు."

"మరి ఇన్నాళ్ళ జబ్బేమిటి?"

"నోటిది."

"పళ్ళ డాక్టరువి, ఆ మాత్రం కనిపెట్టలేకపోయావా?"

"ఎవరి నోరు వాళ్ళకి కనబడదురా. నర్సమ్మ చూసి చెప్పింది" అని పెట్టేశారు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. రెండు నెలల్లో కుర్చీ మళ్ళీ నిండింది. వచ్చినవాళ్ళ చేత పూర్తిచేయించే కాగితంలో షుగరుందా, బీపీ ఉందా అన్న ప్రశ్నల కింద నర్సమ్మ తన చేతిరాతతో ఇంకో ప్రశ్న చేర్చింది: "ప్రస్తుతం ఏం చూస్తున్నారు? ఎన్నో భాగం దాకా?" డాక్టరు గారు దాన్ని ఎక్స్‌రే కంటే శ్రద్ధగా చదివి, సరిగ్గా అంతవరకే చెప్పి ఆపుతారు. అసలేమీ చూడనివాళ్ళు దొరికితే ఆయనకి పండగే.

కానీ అదంతా తర్వాతి మాట. ఆవేళ ఫోన్ పెట్టేశాక నర్సమ్మ కోటు విప్పి గుమ్మం దాకా వెళ్ళింది. వెనకనుంచి పిలుపు వినబడింది.

"ఓడ సీరియల్ ఎన్నోది చూస్తున్నారమ్మా మీరు?"

"ఇవాళ అయిదోదండీ."

"పదిలో అయిదు. అంటే ఇవాళ్టితో కలిపి ఇంకా ఆరు రోజులు." డాక్టరు గారు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. తర్వాత బల్ల మీది రబ్బరు బంతిని తీసి పిడికిట్లో గట్టిగా బిగించారు. "రోజుకి రెండేసి చూడకూడదా తల్లీ?"